చిన్న సార్ పెద్ద సార్ అవ్వాల్సి వస్తే

ఈ వారం ఉత్తరం కావలి నుంచి వచ్చింది. పేరు, బడి పేరు వేయొద్దన్నారు, వేయను. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదిస్తే ఇంత:

"అయ్యా, నాకు ముప్పై నాలుగేళ్లు. ప్రభుత్వ బడిలో పీఈటీని. ఆరేళ్లుగా రాష్ట్ర అండర్-17 బాలికల ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా చేస్తున్నాను. మా హెడ్ కోచ్‌ది ఒంగోలు, నాకు ఆట నేర్పింది కూడా ఆయనే. పిల్లలు ఆయన్ని పెద్ద సార్ అని, నన్ను చిన్న సార్ అని పిలుస్తారు. జాతీయ పోటీలు ఇరవై నాలుగు రోజులున్నాయనగా, జట్టు నడిపే పెద్దలతో మాటామాటా పెరిగి ఆయన తప్పుకున్నారు. ప్రస్తుతానికి నువ్వు చూసుకో అని నాకు ఫోన్ వచ్చింది. ముందు బయటి కోచ్ ఎవరినో అడిగారని, ఆయన కుదరదన్నాకే నా దగ్గరికొచ్చారని తర్వాత తెలిసింది. గురువుగారికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఒప్పుకుంటే ద్రోహం చేసినట్టవుతుందా? అసలు నాకంత సత్తా ఉందా? ఊళ్లో బడి పిల్లలకు డ్రిల్లు చేయించే మామూలు పీఈటీని. క్యాంపులో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు, ఇరవై మందినే తీసుకెళ్లాలి, అందులో మా బడి పిల్ల కూడా ఒకతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అబ్బయ్యా, నిన్ను నువ్వు అనే అంటాను, మా పెద్దోడిదీ నీ వయసే. ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత మాట్లాడుకుందాం. ఒప్పుకో. కాకపోతే ఒప్పుకుంటున్నానని ఆ ఫోన్ చేసినవాళ్లకు చెప్పే ముందు ఒంగోలు వెళ్లిరా. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఏమైంది, ఇల్లు తెలుసుగా. కావలిలో రైలెక్కితే ఎంతసేపు. ఈ రెండు పనుల వరస మాత్రం మార్చొద్దు, మారిస్తే ఏం జరుగుతుందో స్పెయిన్ వాళ్లను చూస్తే తెలుస్తుంది.

2019లో స్పెయిన్ జాతీయ జట్టుకు లూయిస్ ఎన్రికే హెడ్ కోచ్. పక్కన రాబర్ట్ మోరెనో అసిస్టెంట్. ఇద్దరూ బార్సిలోనా క్లబ్‌లో కూడా కలిసి పనిచేసినవాళ్లే, ఒక కంచంలో తిన్నంత దగ్గర. ఆ మార్చిలో మాల్టాతో మ్యాచ్ ఉందనగా ఎన్రికేకు ఇంటి నుంచి కబురొచ్చి వెళ్లిపోయాడు, మ్యాచ్ మోరెనో నడిపించాడు. జూన్‌లో ఎన్రికే రాజీనామా చేస్తే మోరెనోనే హెడ్ కోచ్‌ని చేశారు. ఎన్రికేకు అంత కష్టం ఏమొచ్చిందో లోకానికి ఆగస్టు చివర్లో గానీ తెలియలేదు, తొమ్మిదేళ్ల కూతురు ఎముక క్యాన్సర్‌తో చనిపోయింది. మోరెనో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జట్టును యూరో కప్‌కు క్వాలిఫై చేయించాడు. నవంబరులో రొమేనియా మీద 5-0తో గెలిచిన రాత్రి విలేకరులతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. మర్నాడు ప్రకటన వచ్చింది, ఎన్రికే తిరిగొస్తున్నాడని.

సరే, మోరెనో మళ్లీ పాత సీట్లో కూర్చుంటాడని అందరూ అనుకున్నారు. ఎన్రికే ఒప్పుకోలేదు. అతను నలుగురిలో చెప్పిన కారణం ఏందంటే, సెప్టెంబరులో కలిసినప్పుడు మోరెనో యూరో కప్ దాకా తానే హెడ్ కోచ్‌గా ఉంటానని, అది అయ్యాక కావాలంటే మళ్లీ అసిస్టెంట్‌గా వస్తానని అన్నాడట. అది ఎన్రికేకు నమ్మకద్రోహంగా తోచింది. బయట మాత్రం మోరెనో, ఆయన వస్తానంటే సంతోషంగా పక్కకు జరుగుతానని చెప్పి ఉన్నాడు. ఎవరిది తప్పంటే నేను చెప్పలేను. బిడ్డ పోయిన మనిషి మనసు అలా ఉంటుంది, జట్టును గెలిపించిన మనిషి ఆశ ఇలా ఉంటుంది, ఏదీ అబద్ధం కాదు. పగ్గాలు చేతికొచ్చిన మొదటి రోజే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట ఆలస్యంగా బయటికొచ్చిందని మాత్రం నాకనిపిస్తుంది. ఆలస్యమైతే మామూలు మాట కూడా ద్రోహంలా వినపడుతుంది.

అందుకే ఒంగోలు వెళ్లమన్నది. వెళ్లి ఏం మాట్లాడాలో కూడా చెప్తాను. సార్, నన్ను అడిగారు, ఇంకా ఒప్పుకోలేదు, మీకు చెప్పకుండా ఒప్పుకోకూడదని వచ్చాను, ఒప్పుకుందామనుకుంటున్నాను. అంతే. ఒప్పుకోమంటారా అని అడగొద్దు. అలా అడిగితే ఆయన వద్దన్నాడనుకో, ఏం చేస్తావు? అప్పుడు ఒప్పుకుంటే నిజంగానే మాట కాదన్నవాడివవుతావు, ఒప్పుకోకపోతే ఇరవై ఎనిమిది మంది పిల్లలు ఇరవై నాలుగు రోజుల ముందు దిక్కులేకుండా పోతారు. ఇంకో సంగతి, ఆయన వచ్చే ఏడు మళ్లీ వస్తే నువ్వు జరుగుతావా జరగవా అన్నది రైల్లోనే తేల్చుకుని వెళ్లు. జరగాలని లేకపోతే జరుగుతానని మర్యాదకు అనొద్దు. జట్టు పెద్దల మీద ఆయన నాలుగు మాటలంటే విను, నువ్వొకటి కలపొద్దు, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా మోయొద్దు. చేతిలో స్వీట్ బాక్సు కూడా వద్దు. మన అలవాటు కొద్దీ నెల్లూరు మలైకాజా పట్టుకెళ్తే నీకు పదవొచ్చిందని పంచడానికి వెళ్లినట్టుంటుంది. అరటిపళ్లు చాలు.

ఆయన తలుపు తీయకపోవచ్చు కూడా. అప్పుడు అమ్మగారితో చెప్పి రా. చెప్పావన్నది ఉంటుంది.

ఇక సత్తా సంగతి. నీ ఉత్తరంలో నాకు నవ్వొచ్చింది ఇక్కడే. అసిస్టెంట్‌గా ఉన్నవాడు హెడ్ కోచ్ అవ్వడం ఏదో వింత అయినట్టు రాశావు. జర్మనీ వాళ్లకు ఇది ఇంటి ఆచారం లాంటిది. 1954లో వాళ్లకు మొదటి వరల్డ్ కప్ తెచ్చిన సెప్ హెర్బెర్గర్ తన ముందున్న కోచ్‌కు అసిస్టెంటే. హెర్బెర్గర్ కింద ఎనిమిదేళ్లు అసిస్టెంట్‌గా చేసిన హెల్ముట్ షోన్ 1964లో పగ్గాలు తీసుకుని 1974లో కప్పు గెలిచాడు. షోన్ అసిస్టెంట్ యుప్ డెర్వాల్ 1980లో యూరో కప్ గెలిచాడు. 2006లో క్లిన్స్‌మన్ తప్పుకుంటే అతని పక్కనున్న యోఆకిమ్ లోవ్ వచ్చాడు, 2014లో బ్రెజిల్‌ను వాళ్ల గడ్డ మీదే 7-1తో చిత్తుచేసి ఆపైన కప్పు కొట్టాడు. లోవ్ పక్కన అప్పుడు కూర్చున్న హాన్సీ ఫ్లిక్ 2021లో లోవ్ కుర్చీలోకి వచ్చాడు. ఈ ఫ్లిక్ దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది, 2023లో జపాన్ చేతిలో 4-1తో ఓడాక అతన్ని తీసేశారు, జర్మనీ జాతీయ జట్టు చరిత్రలో ఉద్యోగం పోగొట్టుకున్న మొదటి కోచ్ అతనే. ఆచారం ఉంది కదా అని గ్యారంటీ ఏమీ లేదన్నమాట. అదే మనిషి తర్వాత బార్సిలోనాకు వెళ్లి లీగ్ గెలిచాడనుకో, అది వేరే కథ.

బయటి కోచ్ కుదరదన్నాకే నిన్ను అడిగారని బాధపడ్డావు. ఐవరీ కోస్ట్ సంగతి విను. 2024 జనవరిలో ఆఫ్రికా కప్ వాళ్ల దేశంలోనే జరుగుతోంది. సొంత జనం ముందు ఈక్వటోరియల్ గినీ చేతిలో 0-4తో ఓడారు. అక్కడితో ఇంటికే అనుకున్నారు, హెడ్ కోచ్ జాన్ లూయీ గాసే వెళ్లిపోయాడు, తర్వాత వేరే గ్రూపు ఫలితాలు కలిసొచ్చి మూడో స్థానం జట్ల లెక్కలో కింద మీద పడి తర్వాతి దశకు చేరారు. అంటే జట్టుంది, కోచ్ లేడు. ఫ్రాన్స్ మహిళల జట్టు కోచ్‌గా ఉన్న ఎర్వే రెనార్‌ను కొన్నాళ్లకు అప్పివ్వమని అడిగారు, పాత్రా దబరా అడిగినట్టు. ఫ్రాన్స్ వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు. ఇక గత్యంతరం లేక, గాసే వెళ్లగానే ప్రస్తుతానికి చూసుకోమన్న అసిస్టెంట్ ఎమెర్స్ ఫాయే చేతిలోనే ఉంచేశారు. అప్పటిదాకా సీనియర్ జట్టు దేనికీ అతను హెడ్ కోచ్‌గా చేసింది లేదు. తర్వాతి మ్యాచ్ అంతకుముందు కప్పు గెలిచిన సెనెగల్‌తో, పెనాల్టీల్లో గెలిచారు. మాలీతో పది మందితోనే ఆడి ఎక్స్‌ట్రా టైంలో గెలిచారు. ఫిబ్రవరి 11న ఫైనల్లో నైజీరియా మీద 2-1. ఎవరూ దొరక్క నిన్ను అడిగారంటే అడిగారు, నీ పేరు రాసే కాగితం మీద ఆ ముక్క ఉండదుగా.

"ప్రస్తుతానికి" అన్న మాట కూడా అంతే. అమెరికా మహిళల జట్టుకు పియా సుంధాగె కింద అసిస్టెంట్‌గా ఉన్న జిల్ ఎల్లిస్‌ను 2012లో ప్రస్తుతానికి అన్నారు, తర్వాత ఇంకొకర్ని తెచ్చారు, 2014లో ఆయన్ని తీసేసి మళ్లీ ఎల్లిస్‌నే ప్రస్తుతానికి అన్నారు. రెండుసార్లు. ఆ మనిషి 2015లో, 2019లో వరుసగా రెండు వరల్డ్ కప్పులు గెలిచింది. అయితే ప్రస్తుతానికి అంటే ఏ తేదీ దాకానో, జట్టు ఎంపికలో ఆఖరి మాట నీదా వాళ్లదా అన్నది ఒక కాగితం మీద రాయించుకో. నోటి మాట మీద వెళ్లొద్దు, మీ గురువుగారి విషయంలో నోటి మాటలు ఎక్కడికి పోయాయో చూశావు కదా.

నేను మామూలు పీఈటీని అన్నావే, దానికి మాత్రం నీకు ఐస్‌లాండ్ చూపించాలి. 2018లో ఆ దేశం జనాభా సుమారు మూడున్నర లక్షలు, మన నెల్లూరు టౌన్ కంటే తక్కువ. అందులో చేపలు పట్టుకుని బతికే ఒక దీవిలో హేమిర్ హాల్‌గ్రిమ్సన్ అని పళ్ల డాక్టరు. పొద్దున పళ్లు పీకడం, సాయంత్రం ఫుట్‌బాల్ నేర్పడం. స్వీడన్ నుంచి లార్స్ లాగర్‌బాక్ అనే పెద్దాయన ఐస్‌లాండ్ హెడ్ కోచ్‌గా వస్తే ఈ డాక్టరు అసిస్టెంట్‌గా చేరాడు. రెండేళ్లకు ఇద్దరూ సమానంగా జోడు కోచ్‌లయ్యారు, 2016 యూరోలో ఇంగ్లండ్‌ను ఓడించారు, పెద్దాయన వెళ్లాక డాక్టరు ఒక్కడే నడిపించి 2018 వరల్డ్ కప్‌కు తీసుకెళ్లాడు. జనాభా లెక్కన అప్పటిదాకా ఆ కప్పుకు వెళ్లిన అతి చిన్న దేశం. మొదటి మ్యాచ్‌లోనే అర్జెంటీనాను 1-1తో నిలబెట్టారు. తమాషా ఏందంటే ఆ రోజు అర్జెంటీనా కోచ్ సంపోలి బృందంలో ఉన్న అసిస్టెంట్లలో ఒకడు లియోనెల్ స్కలోని. ఇంకో రెండు నెలల్లో తనకూ ఆ కుర్చీ వస్తుందని అతనికి తెలిసుండదు. స్కలోని గురించి మళ్లీ చెప్తా.

పళ్ల డాక్టరు చేసిన ఒక పని నువ్వు కూడా చెయ్యి. సొంత దేశంలో మ్యాచ్ ఉన్నరోజు అతను అభిమానులు కూడే చోటికి వెళ్లి ఎవరెవరు ఆడుతున్నారో, ఎలా ఆడబోతున్నారో విలేకరుల కంటే ముందు వాళ్లకు చెప్పేవాడు. మాట బయటికి పొక్కేది కాదు. నీకు అభిమాన సంఘాలు లేకపోయినా ఇరవై ఎనిమిది మంది తల్లిదండ్రులున్నారు. పదహారేళ్ల ఆడపిల్లను రైలెక్కించి వేరే రాష్ట్రం పంపుతున్నారు, ఇన్నాళ్లూ పెద్ద సార్ మొహం చూసి పంపారు, ఇప్పుడాయన లేడని తెలిస్తే ఇద్దరు ముగ్గురైనా వెనక్కి లాగుతారు. వాళ్లకు ఈ మార్పు పిల్లల నోటి నుంచి తెలియకూడదు. ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి, ఒక పూట పోతుంది, పోనీ.

ఇక నా సొంత గొడవ చెప్తా, ఇది చెప్పడానికే నీ ఉత్తరం తీసుకున్నాను అసలు. ముప్పై ఏళ్ల కిందట నెల్లూరులో ఒక కాలేజీ జట్టుకు మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి కింద నాలుగేళ్లు అసిస్టెంట్‌గా ఉన్నాను. కాలేజీల మధ్య పోటీలు వారం ఉందనగా ఆయనకు పచ్చకామెర్లు. నువ్వే చూసుకోరా అన్నారు మంచం మీద నుంచి. మొదటి మ్యాచ్ రోజు పొద్దున్నే గ్రౌండుకు వెళ్లాను, సున్నం గీతలు సరిచూశాను, బంతులు బయటికి తీశాను. బంతిలోకి గాలి పంపు సూది దించే ముందు నాలిక మీద తడిచేసుకుంటాం కదా, పొడిగా దించితే లోపల రబ్బరు చిరుగుతుంది. అలా సూది నోట్లో పెట్టుకుని పంపు కాళ్ల మధ్య బిగించి ఒక్కో బంతికీ గాలి కొడుతున్నాను, బొటనవేలితో నొక్కి చూస్తున్నాను. తల ఎత్తితే పదిహేను మంది కుర్రాళ్లు నా చుట్టూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. నేనేం చెప్తానా అని చూస్తున్నారు. నా నోట్లో సూది ఉంది.

ఆ రోజు 0-3తో ఓడాం. అవతలి జట్టు మా కంటే గొప్పదేం కాదు. నేను పాత పని వదల్లేదు, కొత్త పని మొదలుపెట్టలేదు, అంతే జరిగింది. హాఫ్‌టైంలో కూడా కమలాపళ్లు కోసి పంచుతూ ఉన్నాను, మా లెఫ్ట్ బ్యాక్ ప్రతిసారీ ఒంటరిగా చిక్కుబడుతున్నాడని కళ్లతో చూసి కూడా, మధ్యలో ఒకణ్ని వెనక్కి జరగమని చెప్పడానికి టైం లేకపోయింది. టైం ఎందుకు లేదు, పది నిమిషాలుంది. పది నిమిషాలూ పళ్లు పంచాను.

కాబట్టి నువ్వు ఒంగోలు నుంచి రాగానే చేయాల్సిన మొదటి పని, నీకొక చిన్న సార్‌ను వెతుక్కోవడం. చిన్న మేడమ్ అయితే ఇంకా మంచిది, ఆడపిల్లల క్యాంపు కదా, వాళ్ల ఇబ్బందులు నీతో చెప్పుకోలేనివి ఎన్నో ఉంటాయి, పాత క్రీడాకారిణి ఎవరైనా దొరుకుతారేమో చూడు. పంపు, సూది, బిబ్స్, ఐస్ బాక్సు, రైలు టికెట్లు, అన్నీ ఆ మనిషి చేతిలో పెట్టు. ఇవ్వాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు. ఆ పనులు మనకన్నా బాగా ఎవరూ చేయరనిపిస్తుంది, నిజం కూడా కావచ్చు. స్కలోనికి పగ్గాలిచ్చినప్పుడు అతనికి నలభయ్యేళ్లు, హెడ్ కోచ్‌గా అనుభవం లేదు, ఇతనెవరని దేశమంతా నవ్వింది. అతను పక్కన ఎవర్ని పెట్టుకున్నాడో చూడు. పాబ్లో ఐమార్, వాల్టర్ సామ్యూల్, రొబెర్టో అయాలా, ముగ్గురూ అర్జెంటీనాకు ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు, ఎదురు చెప్పగలిగేవాళ్లు. తన కంటే చిన్నవాళ్లను ఏరుకోలేదు. 2019లో దక్షిణ అమెరికా దేశాల కోపా కప్ సెమీస్‌లో బ్రెజిల్ చేతిలో ఓడి, 2021లో అదే బ్రెజిల్‌ను మరకానా స్టేడియంలో ఓడించి, 2022లో వరల్డ్ కప్ కూడా గెలిచారు. నీకు నీ మాటకు తలాడించే కుర్రాణ్ని పెట్టుకోవాలనిపిస్తుంది, టెన్షన్ తగ్గుతుంది కదా అని. పెట్టుకోకు.

రెండో పక్క కూడా చెప్పాలి, లేకపోతే నిన్ను మోసం చేసినట్టవుతుంది. ఇంగ్లండ్‌లో హెడ్ కోచ్ ఎరిక్సన్ కింద అసిస్టెంట్‌గా పనిచేసిన స్టీవ్ మెక్‌క్లారెన్ 2006లో హెడ్ కోచ్ అయ్యాడు. నేను పాతాయనలా కాదు అని చూపించుకోవాలనో ఏమో, రాగానే బెక్‌హామ్‌ను జట్టులోంచి తీసేశాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ పిలుచుకోవాల్సి వచ్చింది. 2007 నవంబరులో క్రొయేషియాతో ఆఖరి మ్యాచ్, డ్రా అయినా చాలు యూరోకు వెళ్తారు. ఆ రోజు అలవాటైన గోల్‌కీపర్‌ను పక్కనపెట్టి ఇరవై రెండేళ్ల స్కాట్ కార్సన్‌ను దించాడు. వాన పడుతోంది, ఎనిమిదో నిమిషంలో దూరం నుంచి కొట్టిన బంతి ఆ కుర్రాడి చేతుల మీద నుంచి లోపలికి పోయింది. తీసేసిన ఆ బెక్‌హామే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి ఇచ్చిన క్రాస్‌తో 2-2 అయింది, అయినా 3-2తో ఓడారు. కోచ్ గొడుగు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డ ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మర్నాడే ఉద్యోగం పోయింది. పిల్లాడి తప్పని ఆ రోజు చాలామంది అన్నారు, నాకైతే ఆ పిల్లాడి మీద జాలేసింది.

నువ్వు కూడా మొదటి వారం ఏదో ఒకటి మార్చాలని ఉబలాటపడతావు. ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి, పెద్ద సార్ నేర్పిన ఆటే ఆడించు. ఆయన లైనప్‌లో ఏళ్లుగా నీకు నచ్చనిది ఒక్కటి ఉండి ఉంటుంది, ప్రతి అసిస్టెంట్‌కూ ఉంటుంది, మనసులో గొణుక్కుంటూ ఉంటాడు. ఆ ఒక్కటీ మార్చు. మిగతావి తర్వాత.

ఇప్పుడు ఆ ఎనిమిది మంది సంగతి. నిద్ర పట్టనిది దీనివల్లేనని నాకు తెలుసు, గురువుగారి పేరు చెప్పావు గానీ. ఇన్నాళ్లూ జట్టులో పేరు రాని పిల్ల ఏడుస్తూ వచ్చేది నీ దగ్గరికి. పెద్ద సార్ లిస్టు చదివేసి వెళ్లిపోయేవారు, నువ్వు భుజం తట్టి, వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా అనేవాడివి. మంచి పేరంతా నీకే వచ్చింది, నిజం చెప్పాలంటే చవగ్గా వచ్చింది. ఇకమీదట ఏడిపించేదీ నువ్వే, తట్టేదీ నువ్వే అంటే కుదరదు.

నేనిక్కడ చేసిన తప్పు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ పోటీల రెండో మ్యాచ్‌కు ఒక కుర్రాణ్ని తీసేశాను. మొహం మీద చెప్పడానికి నోరు రాక, రాత్రి హాస్టల్ నోటీసు బోర్డు మీద లిస్టు అంటించి ఇంటికి పోయాను. పొద్దున వాడు జెర్సీ ఉతికి కిటికీ ఊచలకు ఆరేసుకుని, అది ఆరిందా లేదా అని చేత్తో పట్టి చూసుకుంటూ ఉంటే పక్క గది వాడొచ్చి చెప్పాడట, నీ పేరు లేదురా అని. ఆ తర్వాత వాడు ఆటకు రాలేదు. ఇప్పుడు మైపాడు రోడ్డు వైపు రొయ్యల మేత కొట్టు పెట్టుకుని బాగానే ఉన్నాడు, కనపడితే టీ తాగించకుండా వదలడు, ఓసారి మాత్రం అన్నాడు, తీసేస్తే తీసేశారు సార్, మీరే చెప్పుంటే ఆ పూట జెర్సీ ఉతుక్కునేవాణ్ని కాదు కదా అని. నవ్వుతూనే అన్నాడు.

ఎనిమిది మందికీ విడివిడిగా, నీ నోటితో, లిస్టు ఎవరికీ చూపించక ముందే చెప్పు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఎందుకు లేదో ఒక్క కారణం, నిజమైంది, ఆటకు సంబంధించింది. ఎడమ కాలు వాడటం లేదు, రెండో హాఫ్‌లో పరుగు ఆగిపోతోంది, అలాంటిది. వచ్చే ఏడు చూద్దాం అనొద్దు, వచ్చే ఏడు నువ్వుంటావో లేదో నీకే తెలియదు.

మీ బడి పిల్ల విషయంలో నేను చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. ఆ ఒక్క పేరు మీద నీ తీర్పు నువ్వే నమ్మకు. నీ కొత్త అసిస్టెంట్‌ను, ఆ పిల్ల ఏ బడో తెలియని ఇంకొకరిని, ఇద్దరినీ రెండు రోజులు క్యాంపులో కూర్చోబెట్టి విడిగా ఇరవై పేర్లు రాయమను. ఇద్దరి కాగితాల్లోనూ ఉంటే తీసుకెళ్లు, ఎవరేమన్నా పట్టించుకోకు. ఒక్కదాంట్లోనే ఉంటే వదిలెయ్. అన్యాయమే, ఇంకే పిల్లకూ పెట్టని పరీక్ష ఆ పిల్లకు పెడుతున్నావు. కానీ నీ మొదటి లిస్టులో అందరూ మొదట వెతికేది ఆ పేరే.

ఒక్కటి మాత్రం ఎవర్నీ అడగొద్దు. అందరి సలహా విన్నాక మైదానంలోకి వెళ్లే పదకొండు మంది పేర్లు నువ్వొక్కడివే కూర్చుని రాయి. మన తెలుగునేల మీది పాత కథ ఒకటుంది. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1962 ఆసియా క్రీడల్లో మన దేశం కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడేవాడు, తలతో బంతిని కొట్టలేడు, ఎవరైనా ఏం చేస్తారు, బెంచీ మీద కూర్చోబెడతారు. రహీమ్ అతన్ని తీసుకెళ్లి ముందు వరసలో ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు, 2-1తో బంగారం వచ్చింది. అప్పటికే రహీమ్‌కు క్యాన్సర్, ఏడాది తిరక్కుండా పోయాడు. కుట్లు పడ్డవాణ్ని ముందు ఆడిద్దామని అసిస్టెంట్ ఎవడైనా అనగలడు, సరదాకైనా అంటాడు. బెడిసికొడితే మాట పడాల్సింది కోచే.

స్కలోని కూడా అంతే, మళ్లీ చెప్తా అన్నాను కదా. 2022 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడారు, 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టు. మెక్సికోతో తర్వాతి మ్యాచ్‌కు ఐదుగురిని మార్చేశాడు. ఏళ్లుగా తనను నమ్ముకుని ఆడిన సీనియర్లు బెంచీ మీదకొచ్చారు. సౌదీతో మ్యాచ్‌లో బెంచీ మీద నుంచి వచ్చిన ఎంజో ఫెర్నాండెజ్, హూలియన్ అల్వారెజ్ అనే కుర్రాళ్లు మూడో మ్యాచ్ కల్లా మొదటి నుంచే ఆడారు. ఆటగాళ్లతో కలిసిమెలిసి తిరిగే మనిషని పేరున్నవాడే ఆ పని చేశాడు.

ఆఖరుగా, నువ్వు అడగలేదు గానీ ఉత్తరం మధ్యలో ఒక వాక్యం కొట్టేసి ఉంది, వెలుగులో పెట్టి చదివాను. పిల్లలు నన్ను ఇంకా చిన్న సార్ అనే పిలుస్తారేమో అని రాసి కొట్టేశావు. పిలవనీ. దిద్దొద్దు. ఎప్పుడు మారుస్తారో వాళ్లకే తెలుసు, కొందరు ఎప్పటికీ మార్చరు, మా కాలేజీ కుర్రాళ్లు యాభై దాటి కూడా నన్ను అసిస్టెంట్ సార్ అనే అంటారు. కొత్తగా వచ్చే ఆ మనిషిని ఏమని పిలుస్తారో అది కూడా వాళ్లనే తేల్చుకోనీ.

ఆదివారం పొద్దున బయల్దేరు, ఆయన ఇంట్లోనే ఉంటారు. అరటిపళ్లు ఒంగోలు స్టేషన్ బయటే కొను, కావలిలో కొంటే రైల్లో నలిగిపోతాయి.